పదేళ్ల పద్దు: తెల్లాపూర్‌లో ఇద్దరు వియ్యంకుల సంవాదం

తెల్లాపూర్ 2018 దాకా గ్రామ పంచాయతీ. ఇప్పుడు నల్లగండ్ల దాటి కొల్లూరు దాకా ఎటు చూసినా అపార్టుమెంట్లే. రాష్ట్ర ఖజానాలోకి డబ్బు ఎలా వస్తుందో, అందులోంచి ఎలా పోతుందో రెండూ కంటికి కనిపించే చోటు ఇది. ఫ్లాటు చేతులు మారినప్పుడల్లా ఇక్కడ రిజిస్ట్రేషన్ ఆదాయం పుడుతుంది. పక్కనున్న కొల్లూరులో ప్రభుత్వం పేదల కోసం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లున్నాయి. ఆ పక్కనుంచే పోయే ఔటర్ రింగు రోడ్డును 2023లో ముప్పై ఏళ్లకు లీజుకిచ్చారు.

ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక జంట ఇంట్లో వియ్యంకులిద్దరూ కలిశారు. అమ్మాయి తండ్రి ఏజీ ఆఫీసులో ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసి రిటైరైన ఆడిటరు. అబ్బాయి తండ్రి సిద్దిపేట జిల్లా రైతు. 2014 జూన్ నుంచి 2023 డిసెంబరు దాకా తెలంగాణ ముఖ్యమంత్రిగా ఉన్న కె.చంద్రశేఖరరావు (కేసీఆర్) పన్నులు రాబట్టిన తీరుకు, ఖర్చు పెట్టిన తీరుకు ఎన్ని మార్కులు వేయాలన్నది వాళ్ల వాదన. ముఖ్యమంత్రుల్ని మనం అభిమానంతోనో కోపంతోనో తూచి ఊరుకుంటాం. పద్దు తెరిచి తూచే ఓపిక ప్రతి ఓటరుకూ రావాలన్న కోరికతో ఈ సంవాదం రాస్తున్నాను.

ఆడిటరు: బావగారూ, సూటిగా మొదలుపెడతాను. 2014-15లో రాష్ట్రం అప్పు 72,658 కోట్లు. ప్రభుత్వం మారాక 2023 డిసెంబరు 20న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క శాసనసభలో శ్వేతపత్రం పెట్టి, మొత్తం అప్పులు 6,71,757 కోట్లని చెప్పారు. పదేళ్లలో ఒక రాష్ట్రం నెత్తిన ఇంత భారం పెట్టిన ముఖ్యమంత్రికి పాస్ మార్కులు ఎలా వేస్తారు?

రైతు: నాలుగు రోజులు తిరగకముందే దానికి జవాబుగ కేసీఆర్ కొడుకు కేటీఆర్ స్వేదపత్రం తెచ్చిండు కదా. అండ్ల అప్పు 3,17,015 కోట్లే అన్నడు. ఖజానా ఒక్కటే, లెక్కలు రెండు. ఒకదాన్ల సగం గూడ లేదు ఇంకొకటి. ఏది నమ్మాలె మేము?

ఆడిటరు: రెండూ ఒకే పుస్తకంలోంచి తీసిన అంకెలే. శ్వేతపత్రం లెక్క నాలుగు ముక్కలు. ప్రభుత్వం బడ్జెట్‌లో చూపించి తీసుకున్న అప్పు 3,89,673 కోట్లు, అది ఆ ఏడాది ఆఖరుకు వేసిన అంచనా. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినా ప్రభుత్వమే వాయిదాలు కడుతున్నది 1,27,208 కోట్లు. ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చి, కార్పొరేషన్లు కట్టుకోవలసినది 95,462 కోట్లు. గ్యారంటీ లేకుండా ప్రభుత్వ సంస్థలు తెచ్చుకున్నది 59,414 కోట్లు. నాలుగూ కలిపితే 6,71,757. ఇక కేటీఆర్ అంకె. మొదటి ముక్కలోంచి 2014 నాటి పాత అప్పు 72,658 తీసేయండి. సరిగ్గా 3,17,015 వస్తుంది. ఒకరు అన్నీ కలిపారు, ఒకరు ఒక్క ముక్కే చూపించారు.

రైతు: అయితే అన్నీ కలుపుడు గూడ న్యాయం గాదు. పౌరసరఫరాల సంస్థ అప్పు ఎందుకు తెచ్చింది? మా వడ్లు కొననీకి. ఆ అప్పుకు ఎదురుగ గోదాముల్ల వడ్లున్నయ్, కేంద్రం నుంచి రావాల్సిన పైసలున్నయ్. దాన్ని తీస్కపోయి జనం నెత్తిమీది అప్పుల కలిపితే ఎట్ల? మా ఊర్ల కిరాణం షావుకారి అప్పు తెచ్చి సరుకు నింపుకుంటే దివాలా తీసిండు అంటమా?

ఆడిటరు: ఆ మాట ఒప్పుకుంటాను. సరుకు ఎదురుగా ఉన్న అప్పు వేరు. నన్ను కలవరపెట్టేది రెండో ముక్క, ఆ లక్షా ఇరవై ఏడు వేల కోట్లు. పేరు కార్పొరేషన్‌ది, వాయిదా కట్టేది ఖజానా. అలాంటప్పుడు అది ప్రభుత్వం అప్పు కాక మరేమిటి? కాళేశ్వరం కార్పొరేషన్ బ్యాంకులతో, ఆర్థిక సంస్థలతో 87,449 కోట్లకు ఒప్పందాలు చేసుకుందని కాగ్ తేల్చింది. ఆ కార్పొరేషన్‌కు సొంత ఆదాయమే లేదు. పరిశ్రమలకు, తాగడానికి నీళ్లమ్మి తీరుస్తామని కాగితం మీద రాశారు. శాసనసభ ఆమోదించే బడ్జెట్‌లో కనిపించకుండా అప్పు పెరిగితే, రేపు కట్టవలసిన వాళ్లకు ఇవాళ అడిగే అవకాశమే ఉండదు.

రైతు: కేంద్రం అట్ల జెయ్యలేదా? ఆహార సబ్సిడీ ఎఫ్‌సీఐ నెత్తిమీద రుద్ది ఏండ్లకేండ్లు అప్పు జేయించింది. 2021 బడ్జెట్‌లగదా దాన్ని సొంత లెక్కలకు తెచ్చుకున్నది. ఆ మరుసటి ఏడు రాష్ట్రాలు కార్పొరేషన్ల పేరుమీద తెచ్చింది గూడ రాష్ట్రం అప్పే అని అప్పుల పరిమితి కోసింది. కేరళ ఈ పంచాయితీ మీదనే సుప్రీంకోర్టుకు పోయింది.

ఆడిటరు: కేంద్రం చేసిందని తప్పు ఒప్పవదు. ఆలస్యంగానైనా కేంద్రం దాన్ని పద్దులోకి తెచ్చింది. తెలంగాణలో ఆ పని ప్రభుత్వం మారేదాకా జరగలేదు.

రైతు: సరే, అప్పు సంగతి పక్కకు పెడదాం. ఆ పైసలతోని ఏం జేసిండో చూడుండ్రి. 2014కు ముందు మాకు కరెంటు ఎట్ల వస్తుండె? పగటిపూట కొంచెం, రాత్రిపూట కొంచెం. అర్ధరాత్రి మోటరు వెయ్యనీకి పోయి పాము కరిచి సచ్చినోళ్లున్నరు, షాకు కొట్టి సచ్చినోళ్లున్నరు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు కరెంటు. పొద్దుగాల లేచి స్విచ్చి ఏస్తె నీళ్లు పడ్డయ్. ఎండకాలం బోర్లు ఎండిపోయే సిద్దిపేటల రంగనాయకసాగర్ నిండింది, మల్లన్నసాగర్ నిండింది. యాసంగిల వరి ఏస్తున్నం. ఇది మీ పద్దుల ఏ గడిల రాసుకుంటరు?

ఆడిటరు: లాభం గడిలోనే రాస్తాను. ఖర్చు గడీ ఉంటుంది. 2023 డిసెంబరులోనే వచ్చిన విద్యుత్ శ్వేతపత్రం కరెంటు సంస్థల అప్పు 81,516 కోట్లని చెప్పింది. మీ మోటరుకు ఉచితంగా వచ్చిన కరెంటుకు ఎవరో కట్టాలి. ప్రభుత్వం డిస్కంలకు సబ్సిడీ సరిపడా ఇవ్వకపోతే అవి అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పు మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

ఇక కాళేశ్వరం. 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఏం చెప్పింది? ఖర్చు లక్షా నలభై ఏడు వేల కోట్లు దాటవచ్చు. పెట్టిన ప్రతి రూపాయికీ తిరిగొచ్చే ప్రయోజనం 52 పైసలు. అన్ని పంపులూ నడిస్తే ఏటా కరెంటు ఖర్చే పది వేల కోట్ల పైన. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం చేశారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. నాలుగేళ్లు దాటిందంతే!

రైతు: మేడిగడ్డ కుంగింది తప్పే. కట్టినోళ్లు, కట్టిచ్చినోళ్లు జవాబు చెప్పాలె. జస్టిస్ ఘోష్ కమిషన్ వేసిండ్రు, నివేదిక వచ్చింది, విచారణ నడవనీ. గాని కాళేశ్వరం అంటే ఒక్క మేడిగడ్డేనా? ఎల్లంపల్లి నుంచి మిడ్‌మానేరు, అండ్లకెల్లి అనంతగిరి, రంగనాయకసాగర్, మల్లన్నసాగర్, కొండపోచమ్మ. ఈ కాలువలు, సొరంగాలు, పంపులు గూడ కాళేశ్వరమే. మేడిగడ్డ గేట్లు తెరిచిపెట్టినంక గూడ ఎల్లంపల్లి నీళ్లు ఎత్తి ఇటు పంపుతనే ఉన్నరు.

ఆడిటరు: అదే నా ప్రశ్న! 2024 వానాకాలంలో మేడిగడ్డ నుంచి చుక్క ఎత్తకుండానే ఒక కోటీ 53 లక్షల టన్నుల వడ్లు పండాయని ఇప్పటి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఎల్లంపల్లి నీళ్లతోనే ఇంత నడిస్తే, కింద మూడు బ్యారేజీలకు పోసిన డబ్బు దేనికి?

రైతు: ఆ ఏడు వానలు మంచిగ పడ్డయ్ బావగారూ. వాన కొట్టిన ఏడు ఏ ప్రాజెక్టు లేకున్న పండుతది. ప్రాజెక్టు విలువ కరువొచ్చిన ఏడు తెలుస్తది. 52 పైసలని కాగ్ లెక్కేసింది. వలసపోయినోడు ఊరికి తిరిగొచ్చుడు, బోర్ల మీద బోర్లు ఏసి అప్పులపాలు గాకుంట ఉండుడు, చెర్లు నిండితె చేపలు, గొర్లకు నీళ్లు, ఇవన్నీ అండ్ల పడ్డయా?

ఆడిటరు: పడనివి ఉండవచ్చు. కానీ బ్యాంకుకు ఆ సంతోషంతో వాయిదా కట్టలేం కదా. అదే మల్లన్నసాగర్ కింద ఊళ్లకు ఊళ్లు మునిగాయి. వాళ్లు పోగొట్టుకున్నదీ ఆ లెక్కలో పూర్తిగా పడలేదు. పైకి కనిపించే లాభాలు చేర్చాలంటే కనిపించని నష్టాలూ చేర్చాలి.

రైతు: చేర్చుండ్రి. మునిగిన వేములఘాట్ ఊరోళ్లను పోయి అడుగుండ్రి అని నేనే అంట. మునిగినోళ్లకు ఇచ్చిన పరిహారం చాలలేదు.

ఆడిటరు: ఇక రాబడి వైపు రండి. మీ అబ్బాయి, మా అమ్మాయి జీతాల చీటీలు చూశారా? ఆదాయపు పన్ను నేరుగా కేంద్రానికి పోతుంది. అందులో రాష్ట్రాలకు పంచే వాటాలో తెలంగాణకు వచ్చేది పద్నాలుగో ఆర్థిక సంఘం నాటికి 2.437 శాతం, పదిహేనో సంఘానికి 2.102 శాతానికి తగ్గింది. వాళ్ల జీతం మీద రాష్ట్రం నేరుగా తీసుకునేది వృత్తి పన్ను, నెలకు 200 రూపాయలు. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగమే కట్టడి చేసింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీద జీఎస్టీ పడదు. 2013-14లో 57 వేల కోట్లున్న ఐటీ ఎగుమతులు 2022-23కి 2,41,275 కోట్లయ్యాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఎగుమతి మీద ఖజానాకు నేరుగా వచ్చేది దాదాపు ఏమీ లేదు.

రైతు: మరి హైదరాబాదే రాష్ట్రాన్ని సాదుతున్నదంటరు గదా?

ఆడిటరు: సాదేది వాళ్ల జీతం కాదు, వాళ్ల ఖర్చు. ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్, కారు కొంటే లైఫ్ ట్యాక్సు, పెట్రోలు పోయిస్తే వ్యాటు, సరుకు కొంటే జీఎస్టీలో సగం, మందు తాగితే ఎక్సైజు. ఈ అపార్టుమెంటు సంగతే తీసుకోండి. 2021 జూలై 22న రిజిస్ట్రేషన్ చార్జీలు మొత్తం ఆరు శాతం నుంచి ఏడున్నర శాతానికి పెంచారు. కోటి రూపాయల విలువ మీద ఆరు లక్షలు కట్టేవాళ్లు ఏడున్నర లక్షలు కట్టారు. అప్పుడే భూముల ప్రభుత్వ విలువలూ పెంచారు. ఆరు నెలలు తిరగ్గానే 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. పెట్రోలు మీద 35.2 శాతం వ్యాటు 2015 నుంచి ఉంది. 2021లో, 2022లో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వంతూ తగ్గించాయి. తెలంగాణ తగ్గించలేదు.

రైతు: మేం పెంచలే, ఎందుకు తగ్గిస్తమన్నడు కేసీఆర్.

ఆడిటరు: శాతం పెంచనక్కర్లేదు. ధర పెరిగితే శాతం అలాగే ఉన్నా రాబడి పెరుగుతుంది. ఆ భారం కారువాడికీ, కారువాడి ఇంటికి పార్సిలు తెచ్చే బైకు కుర్రాడికీ లీటరుకు ఒకటే. ఆ కుర్రాడి సంపాదనలో అది ఎంత భాగమో ఆలోచించండి. ఉన్నవాడి దగ్గరా లేనివాడి దగ్గరా ఒకే రేటు తీసుకునే పన్నుల మీద ఆయన ఎక్కువ ఆధారపడ్డారు. నా మొదటి అభ్యంతరం అప్పు మీదైతే, రెండోది దీనిమీద.

రైతు: నా అభ్యంతరం గూడ ఒకటి చెప్త వినుండ్రి. మద్యం. ఒక చేతితోని మా ఇంట్ల ముసలామెకు ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఇంకో చేతితోని ఊరూర బెల్టు షాపు. పింఛను పైసలు ఎటు పోతున్నయో ఆడోళ్లను అడిగితె తెలుస్తది. ఇది కేసీఆర్ తోని మొదలు గాలే, కేసీఆర్ తోని ఆగలే. గాని రాబడి లెక్కల దీన్ని గెలుపని రాసుకుంటె నేను ఒప్పుకోను.

ఆడిటరు: మనిద్దరం కలిసిన మొదటి చోటు ఇది. ఆయనకు దక్కాల్సిన మార్కూ చెబుతాను. రాష్ట్రం సొంత పన్నుల రాబడి మొదటి పది నెలల్లో 29 వేల కోట్లు. 2022-23కి లక్ష కోట్లు దాటింది. కేంద్రం ఇచ్చేదాని మీద కంటే సొంత రాబడి మీద నిలబడ్డ రాష్ట్రం తెలంగాణ. తలసరి ఆదాయం 1.24 లక్షల నుంచి 3.12 లక్షలకు పెరిగింది. ఆ సగటులో కోకాపేటా ఉంది, కొమురం భీం జిల్లా గూడేలూ ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే చాలు.

రైతు: మరి రైతుబంధుకు ఎన్ని మార్కులేస్తరు? 2018 మేల హుజూరాబాద్‌ల మొదలైంది. ఎకరానికి పంటకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. నాట్లకు ముందు బ్యాంకుల పడేది. షావుకారి గడప తొక్కకుంట విత్తనాలు, ఎరువులు తెచ్చుకున్నం. దేశం మొత్తం దీన్నిజూసే నేర్చుకున్నది.

ఆడిటరు: ఆలోచనకు మంచి మార్కులు. అమలుకు తక్కువ. ఎకరాలకు పరిమితి లేదు. పట్టాదారు పాస్‌పుస్తకం ఉంటే చాలు, దున్నినా దున్నకపోయినా డబ్బు పడింది. వంద ఎకరాల ఆసామికి ఏడాదికి పది లక్షలు. చేను కౌలుకు చేసుకున్నవాడికి సున్నా. ఈ తెల్లాపూర్ చుట్టుపక్కల ధర పెరుగుతుందని కొనిపెట్టుకున్న భూములెన్ని! అవి కాగితం మీద వ్యవసాయ భూములుగా ఉన్నంతకాలం వాటికీ పెట్టుబడి సాయం వచ్చింది. పదకొండు విడతల్లో 72 వేల కోట్లు దాటిన పథకం ఇది. అందులో నిజమైన సేద్యానికి చేరింది ఎంత?

రైతు: మా ఊర్ల కౌలుకు చేసేటోడు నా చెల్క పక్కనే ఉంటడు. పైసలు పడ్డ రోజు వాని ముఖం చూడలేకపోయేటోన్ని. పరిమితి పెట్టమని మేమే అన్నం. ఎవరూ వినలే. ఇప్పుడు దాని జాగల వచ్చిన రైతుభరోసాల రియల్ ఎస్టేటు భూములు తీసేసిండ్రు, మంచిదే. కౌలుదారుకు మాత్రం ఇయ్యాళ్టికీ అందలే.

ఆడిటరు: ఇప్పుడు నా అసలు వాదన చెబుతాను. 2023 ఆగస్టు క్యాలెండరు ఒక్కసారి ముందు పెట్టుకోండి. లక్ష రూపాయల రుణమాఫీ 2018 ఎన్నికల హామీ. నాలుగేళ్లు ముక్కలు ముక్కలుగా సాగి ఆగిపోయింది. ఆగస్టు 2న ముఖ్యమంత్రి మళ్లీ మొదలుపెట్టమన్నారు. 19 వేల కోట్లు, నెలన్నరలో పూర్తి కావాలన్నారు. మర్నాడు కోకాపేట నియోపోలిస్ వేలం. ఎకరం 100 కోట్లు దాటింది, 45 ఎకరాలకు 3,319 కోట్లు వచ్చాయి. 10న బుద్వేల్‌లో వంద ఎకరాలకు 3,625 కోట్లు. అదే నెలలో ఔటర్ రింగు రోడ్డు ముప్పై ఏళ్ల టోలు హక్కుకు 7,380 కోట్లు. మద్యం దుకాణాల పాత లైసెన్సులకు నవంబరు ఆఖరు దాకా గడువుంది. అయినా కొత్తవాటికి దరఖాస్తులు ఆగస్టులోనే పిలిచారు. తిరిగిరాని రెండు లక్షల రుసుముతో ఒక్కో దరఖాస్తు. 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా వచ్చాయి, 2,600 కోట్ల పైమాట. ఈ నాలుగూ కలపండి. దాదాపు 17 వేల కోట్లు.

రైతు: మాఫీకి కావాల్సింది 19 వేల కోట్లు.

ఆడిటరు: అదీ సంగతి. నవంబరు 30న పోలింగు. ఖజానాలో ఒక రూపాయి మీద ఇంకో రూపాయి పేరు ఉండదు, కాబట్టి ఈ డబ్బు ఆ పనికే పోయిందని నేననను. కానీ ఆ నెల మొత్తం మీద చూస్తే, ఒక్కసారే వచ్చే డబ్బుతో వాగ్దానాల ఖర్చు గడిచిందన్నది దాచలేని నిజం. అమ్మిన ఎకరం మళ్లీ రాదు. ఈ రింగు రోడ్డు మీద 2053 దాకా మన మనవలు కట్టే టోలు ముందే వాడేశాం. వచ్చే ఏడు మళ్లీ పింఛన్లివ్వాలి, జీతాలివ్వాలి, రైతుబంధు వేయాలి. అప్పుడు ఏమి అమ్ముతారు?

రైతు: ఈ ప్రశ్న తర్వాత వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని గూడ అడుగుతరా?

ఆడిటరు: తప్పకుండా. రెండు లక్షల దాకా మాఫీకి 20 వేల కోట్ల పైన పెట్టారు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఏటా అయ్యే ఖర్చు. మరో పక్క కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు చదును చేస్తుంటే 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. మద్యం దరఖాస్తు రుసుము మూడు లక్షలైంది. నెలకు వచ్చేది 18,500 కోట్లు, అందులో జీతాలు, పింఛన్లకు ఆరున్నర వేల కోట్లు, అప్పుల కిస్తీలకు ఇంకో ఆరున్నర వేల కోట్లు పోతున్నాయని ఆయనే చెప్పారు. మనిషి మారాడు, పద్ధతి మారలేదు. కాబట్టి కొలత కూడా మనిషిని బట్టి మారకూడదు. అమెరికాలో కేటో ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ రెండేళ్లకోసారి అక్కడి గవర్నర్లకు పన్నులు, ఖర్చుల మీద ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తుంది. అక్కడ గవర్నరంటే ఇక్కడి ముఖ్యమంత్రి లాంటివారు. అలాంటి ప్రోగ్రెస్ కార్డు మనకూ కావాలి.

రైతు: మా చిన్నోడు అక్కడ్నే కాన్సాస్ రాష్ట్రంల ఎమ్మెస్ చదివిండు. ఆ ముచ్చట నాకు చెప్పిండు. బ్రౌన్‌బ్యాక్ అని గవర్నరు 2012ల పన్నులు బాగ తగ్గించిండు. మీరు చెప్పిన సంస్థ ఆ ఏడు ఆయనకు ఎ ఇచ్చింది. తర్వాత ఏమైంది? రాబడి పడిపోయింది, బడులకు పైసలు చాలకపాయె, కోర్టు మొట్టికాయలేసింది. 2017ల ఆయన వద్దన్నా, ఆయన పార్టీ వాళ్లే ఎక్కువున్న సభ ఆ పన్నులను మల్ల ఎక్కిచ్చింది. ఖర్చు తగ్గిచ్చినోనికే మార్కులంటె, ముసలామె పింఛను ఎగ్గొట్టినోడు క్లాసు ఫస్టు వస్తడు. ఆ కార్డు మనకొద్దు.

ఆడిటరు: వాళ్ల కొలబద్ద మనకు వద్దు, నిజమే. పేదవాడు ఎక్కువున్న చోట ఖర్చు పెట్టడమే ప్రభుత్వం పని. కానీ కార్డు వద్దనకండి. కొలబద్ద మనదే చేసుకుందాం. నేను మూడు ప్రశ్నలు పెడతాను. ఏటా అయ్యే ఖర్చు ఏటా వచ్చే రాబడితో గడుస్తోందా, అమ్మకాలతో గడుస్తోందా? అప్పు తెచ్చి కట్టినది తన వాయిదాలో ఎంత భాగమైనా సంపాదిస్తోందా? ప్రభుత్వం తీర్చవలసిన ప్రతి అప్పూ సభ ముందు పెట్టారా? కేసీఆర్ పాలనకు ఈ మూడింటిలోనూ నేను పాస్ మార్కులు వేయలేను.

రైతు: నావి రెండు కలుపుండ్రి. ఖర్చువెట్టింది అసలైనోనికి చేరిందా? పన్ను భారం మొయ్యగలిగినోని మీద పడ్డదా? కరెంటుకు, నీళ్లకు, పింఛనుకు నేను ఆయనకు నిండ మార్కులేస్త. హద్దు లేని రైతుబంధుకు, మందు మీది రాబడికి కోత పెడత. మొత్తం జూస్తె ఆయన పాసే. మీరు పద్దు గెలిచిన రాష్ట్రం కావాలంటున్నరు, నేను ఊరు బతికిన రాష్ట్రం కావాలంటున్న. ఊరు బతికినంకనే పద్దు.

ఆడిటరు: పద్దు తప్పితే ఊరికి ఇచ్చేది ముందుగా ఆగిపోతుంది బావగారూ. 2022 నాటికి జీతాలు ఒకటో తారీఖున పడలేదు, బిల్లులు నెలల తరబడి ఆగాయి. డబ్బు చాలనప్పుడు బ్యాంకు వాయిదా ఆగదు, రైతు సాయమే ఆగుతుంది. మీ ఊరి కోసమే పద్దు అడుగుతున్నాను. ఒక్కటి చెప్పండి. నీటి తీరువా రద్దు చేశారు. కాళేశ్వరం నీళ్లకు ఎకరానికి ఇంత కట్టమని అడిగితే కట్టేవారా?

రైతు: అడిగితె కట్టెటోన్ని. ఎంతనో లెక్క చెప్పి అడగాలె. ఐదెకరాల లోపోన్ని వదిలిపెట్టి, పైనున్నోని దగ్గర తీసుకోవాలె. ఉత్తగ ఇస్తమని నాయకులే పోటీ పడ్డరు. కట్టుమని మమ్మల్ని ఎవరూ అడగలే.

వియ్యంకులు చివరిదాకా ఏకాభిప్రాయానికి రాలేదు. కేసీఆర్ పాలన పాసా ఫెయిలా అన్నదాని మీద ఇద్దరి మార్కులూ వేరు. నా మార్కు కూడా ఒక అంకెలో ఇమడదు. చీకట్లో మోటరు దగ్గరికి పోయే బతుకు నుంచి రైతును బయటపడేసిన ఖర్చు గొప్ప ఖర్చు. ఆ ఖర్చును సభకు చూపించని అప్పులతో, మళ్లీ రాని భూములతో నడపడం మాత్రం రేపటి ప్రభుత్వం చేతులు కట్టేయడమే. మొదటిదాన్ని పొగిడేవాళ్లు రెండోదాన్ని దాచకూడదు. రెండోదాన్ని తిట్టేవాళ్లు మొదటిదాన్ని మరచిపోకూడదు.

వచ్చే బడ్జెట్ నుంచి ఏ పార్టీ ప్రభుత్వమైనా రెండు పట్టికలు తేట తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ పంచాయతీలో, ప్రతి వార్డులో అంటించాలని నేను అడుగుతున్నాను. ఈ ఏడు ఏమి అమ్మాం, ఏమి లీజుకిచ్చాం, ఆ డబ్బు దేనికి పెట్టామన్నది ఒకటి. ఏ కార్పొరేషన్ పేరుతో ఎంత అప్పుంది, దాని వాయిదా ఎవరు కడుతున్నారన్నది రెండోది. ఆ రెండు కాగితాలు గోడ మీద ఉంటే సిద్దిపేట రైతూ తెల్లాపూర్ ఇంజనీరూ ఒకే లెక్క ముందు నిలబడి తమ ముఖ్యమంత్రికి మార్కులు వేయగలరు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ ముందు ఆ కాగితాల గురించే అడుగుదాం.